పగడం తెల్లబడుతోందా? లైటు పెంచకండి

రీఫ్ ట్యాంకులో (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) పగడం కాస్త వాడినట్టు కనిపిస్తే చాలు, మన చెయ్యి లైటు పెంచడానికే వెళ్తుంది. నేనూ ఆ తప్పు చేశాను. రీఫ్ లైటు ఇచ్చే నీలి వెలుగు మన కంటికి మసకగా అనిపిస్తుంది, పగడానికి మాత్రం అన్నం పెట్టేది అదే. పగడం ఒంట్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఎక్కువగా 400-480 నానోమీటర్ల నీలి, ఊదా కాంతిని పీల్చుకుని ఆహారం తయారుచేస్తాయి. అందులో చాలా భాగం పగడానికే పోతుంది. కాబట్టి సోఫాలో కూర్చుని చూసి 'చీకటిగా ఉంది' అనుకోవద్దు. ఫోన్‌లోని లక్స్ యాప్‌నూ (మన కంటికి కనిపించే వెలుగును కొలిచేది) నమ్మొద్దు, నీలి లైటు కింద అది తప్పు లెక్క చెబుతుంది. కొలవాల్సింది పార్ (PAR), అంటే శైవలాలు ఆహారం తయారుచేసుకోవడానికి వాడుకోగల వెలుగు మోతాదు. దాని మీటరు ఖరీదెక్కువ, తోటి హాబీవాళ్ల దగ్గర ఒక్కరోజుకు అడిగి తెచ్చుకున్నా పని జరుగుతుంది.

పగడం తెల్లబడుతోంది

ఎక్కడ తెల్లబడిందో చూడండి. లైటుకు ఎదురుగా ఉన్న పైభాగం పాలిపోయి, నీడలో ఉన్న అడుగుభాగం రంగు నిలుపుకుంటే లైటు ఎక్కువైందన్నమాట. మోతాదు మించిన వెలుగులో ఆ శైవలాలు హానికరమైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తాయి, దాంతో పగడం ఆ శైవలాలనే బయటికి గెంటేసి తెల్లబడుతుంది. అలాకాకుండా ట్యాంకులోని పగడాలన్నీ ఒకేసారి, ఒంటినిండా పాలిపోతే లైటును వదిలేసి థర్మామీటరు, ఉప్పు సాంద్రత, ఆల్కలినిటీ (నీటి క్షారత) చూడండి. మే నెల విజయవాడలో ఏసీ, చిల్లర్ (ట్యాంకు నీళ్లను చల్లబరిచే యంత్రం) లేని గదిలో నీళ్లు 29 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

తప్పు లైటుదే అయితే పగడాన్ని ఇసుక దగ్గరికి దించి, లైటు తీవ్రతను సగానికి తగ్గించండి. పూర్తిగా ఆర్పేయొద్దు. రంగు తిరిగి వచ్చేదాకా ఆగి, తర్వాత వారానికి 5 శాతం చొప్పున పెంచండి. కొత్త ఎల్‌ఈడీ కొన్నప్పుడూ ఇదే పద్ధతి. కొట్టువాళ్లు 'వంద శాతంలో పెట్టుకోండి సార్' అంటే నవ్వి ఊరుకోండి. ఇంకో చిక్కు: నీళ్లు పసుపుబారిన ట్యాంకులో నీళ్లను శుభ్రపరిచే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది వేస్తే నీళ్లు తేటపడి, లైటు పెంచకుండానే పగడం మీద వెలుగు పెరిగిపోతుంది. నా రెండో తప్పు సరిగ్గా అక్కడే జరిగింది.

గోధుమరంగుకు తిరిగింది

శైవలాలు మరీ పెరిగాయి. వెలుగు చాలకపోయినా, నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైనా ఇలాగే అవుతుంది. ముందు నీళ్లు టెస్ట్ చేయండి, అవి బాగుంటేనే లైటు సంగతి.

కాడ సాగి పైకి లేస్తోంది

ఇది నిజంగా వెలుగు చాలకపోవడమే. జోయాంథిడ్లు, లెదర్ పగడాలు అనే మెత్తని రకాలలో తేలిగ్గా తెలుస్తుంది. రాయి మీద ఒక మెట్టు పైకి జరిపి వారం ఆగండి. మష్రూమ్ పగడాలకు 50 పార్ చాలు, జోయాంథిడ్లకు, లెదర్లకు 80-150 ఉంటే హాయి. 200 పైన అడిగేవి ఆక్రోపొరా లాంటి రాతి పగడాలు. భారత్‌లో రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, కాబట్టి ఎవరైనా అమ్మజూపినా వాటి జోలికి పోకండి.

ఒక పక్క బాగుంది, ఇంకో పక్క నీరసం

నాలుగడుగుల ట్యాంకుకు ఒక్క లైటు పెడితే ఇంతే. రెండు చిన్నవి పెట్టండి, లేదా ఉన్నదాన్నే కాస్త పైకెత్తండి. మూత అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడిచారా? దానివల్ల కూడా వెలుగు బాగా తగ్గుతుంది.

అద్దం నిండా నాచు

నేరం ఎక్కువగా చేపలకు వేసే మేతది, లైటుది కాదు. మేత వల్ల నీటిలో పేరుకునే నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించండి. లైటులోని తెలుపు, ఎరుపు రంగుల ఛానళ్లు తగ్గించి, లైటు వెలిగే సమయాన్ని రోజుకు 8-9 గంటలకు కుదించడం తోడుగా పనిచేస్తుంది.

కరెంటు పోతే?

లైటు గురించి టెన్షన్ వద్దు. ఒకరోజు చీకటిని పగడాలు తట్టుకుంటాయి, కదలని నీటిని తట్టుకోలేవు. ఇన్వర్టర్ వైరు నీటిని కదిలించే వేవ్ పంపుకు ఇవ్వండి.