విందుకు పొట్టేలును కోయించాలంటే చట్టప్రకారం ఏం చేయాలి?

నెల్లూరు, కావలి వంటి పట్టణాల్లో ఇంటి వేడుకకు పొట్టేలును కొని వాకిట్లోనే కోయించుకోవడం చాలామందికి అలవాటు. అయితే 2001 నాటి వధశాలల నిబంధనల ప్రకారం పురపాలక పరిధిలో గుర్తింపు లేదా లైసెన్సు ఉన్న కబేళాలో తప్ప మరెక్కడా జంతువును వధించకూడదు.

మొదట జీవాన్ని ఎంచుకోవాలి. నెల్లూరు జాతిలో పల్ల, జోడిపి, దోర రకాల్లో ఏదైనా సరే, రంగు కన్నా ఆరోగ్యమే ముఖ్యం. మూడు నెలలు నిండని పిల్లను, చూలు గొర్రెను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయడం నిషిద్ధం. ఈ మధ్య సూదిమందు వేయించారేమో కాపరిని తప్పక అడగాలి. మందు ప్రభావం తీరే గడువు దాటకముందే కోస్తే దాని అవశేషాలు మాంసంలో మిగులుతాయి, వండినంత మాత్రాన అవన్నీ పోతాయనుకోవడానికి లేదు. ఉన్నట్టుండి చచ్చిన జీవాన్ని చవగ్గా వస్తోందని ముట్టుకోనే కూడదు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అయితే కోసిన మనిషికే సోకుతుంది.

విందుకు ముందు రోజే జీవాన్ని కబేళాకు చేర్చాలి. పశువైద్యుడు పరీక్షించి యోగ్యతాపత్రం ఇచ్చాక దానికి 24 గంటల విశ్రాంతి ఇవ్వాలన్నది నిబంధన. ఇది కేవలం జాలితో పెట్టింది కాదు. అలసి బెదిరిన జీవం కండరాల్లో నిల్వ ఉండే చక్కెర పదార్థం గ్లైకోజన్ ముందే ఖర్చయిపోవడంతో కోసిన తరువాత మాంసంలో తగినంత ఆమ్లం ఏర్పడదు, అందువల్ల అది నల్లబడి త్వరగా చెడుతుంది. వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించరాదన్న హద్దు కూడా అదే నిబంధనల్లో ఉంది కనుక, ఆదివారం తెల్లవారుజామున తోలుకెళ్ళి అప్పటికప్పుడు కోసిమ్మనడం సబబు కాదు.

ఒక జంతువును మరో జంతువు కళ్ళెదుట కోయరాదు. మతాచారం కోరే పద్ధతిలో వధించడం నేరం కాదని 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 28వ సెక్షన్ చెబుతుంది; అయితే ఆ మినహాయింపు వైద్య పరీక్షను, శుభ్రతను పక్కన పెట్టడానికి కాదు.

కోశాక కార్జం, ఊపిరితిత్తులు పారేయకుండా పరీక్షకు చూపించాలి. కార్జంలో జలగలు అనే పరాన్నజీవి పురుగులు, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు బయటపడేది అప్పుడే. తనిఖీ ముద్ర పడిన మాంసాన్ని మూత ఉన్న శుభ్రమైన గిన్నెలో తెచ్చి, వెంటనే వండకపోతే 4 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లదనంలో ఉంచాలి.

ఇంత తీరిక లేక దుకాణంలో కొనేవారు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు పత్రం గోడకు ఉందో లేదో చూడాలి.