సిటీలో పాత మియాటా: సీటు వెనక తడి, ముక్కిన వాసన వస్తే ముందు చూడాల్సింది టాప్ కాదు

న్యూయార్క్, జెర్సీ సిటీ వైపు అపార్ట్‌మెంట్లలో ఉంటూ, గ్యారేజీ లేక రోడ్డు పక్కనే పార్క్ చేసుకుంటూ, సెకండ్ హ్యాండ్ మాజ్డా మియాటా కొనే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కారు ఎంపికలో తప్పేమీ లేదు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన ఈ రెండు సీట్ల బండికి పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి దించుకోవచ్చు; దాన్నే టాప్ అంటాం. తొలి తరంలో బరువు వెయ్యి కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇరుకు సందులో పడుతుంది, పెట్రోలు మరీ తాగదు, బానెట్ ఎత్తితే చేతికి అందని వస్తువు తక్కువ. మాజ్డా ఇండియాలో కార్లు అమ్మదు కాబట్టి మనలో చాలామందికి అమెరికా వచ్చాకే దీనితో పరిచయం. అందుకే దీని అలవాట్లు చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లుండరు, తెలిసిన మెకానిక్ ఉండడు.

జాకీ పెట్టడం, స్పానర్ పట్టడం వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఎక్కువగా మొదటి రెండు తరాల గురించే, అంటే అమెరికాలో 1990 నుంచి 1997 వరకు వచ్చిన ఎన్ఏ, 1999 నుంచి 2005 వరకు వచ్చిన ఎన్‌బీ. మన బడ్జెట్‌లో దొరికేవి అవే.

రెండు వారాలు ఆపితే స్టార్ట్ కాదు

వారమంతా రైల్లో ఆఫీసుకు వెళ్లి, వీకెండ్‌లో మాత్రమే కారు తీసేవాళ్లకు ఇది మామూలే. ఆల్టర్నేటర్ పోయిందని కంగారు పడకుండా ముందు డిక్కీ తెరవండి. బ్యాటరీ అక్కడే ఉంటుంది. టెర్మినళ్ల మీద తెల్లగా పేరుకున్న పొడిని తుడిచి, బిగించి, మల్టీమీటర్ పెట్టండి. కారు ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్ చార్జ్ ఉన్నట్టు. 12.2కి దిగితే సగం అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 దగ్గర చూపిస్తే ఆల్టర్నేటర్ బాగుంది, దాని జోలికి వెళ్లకండి.

వీధిలో ప్లగ్ పాయింటు ఉండదు కాబట్టి చార్జర్ తగిలించి ఉంచడం కుదరదు. వారానికోసారి అరగంట హైవే మీద తిప్పండి. ఊరెళ్తుంటే నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి వెళ్లండి. బ్యాటరీ మార్చాల్సి వస్తే చవకగా వస్తోందని మామూలు బ్యాటరీ పెట్టొద్దు. డిక్కీలో ఉండేది కాబట్టి సీల్ చేసిన ఏజీఎం రకం కావాలి, దాని గ్యాస్ బయటికి పోయే సన్న గొట్టం కూడా తగిలించాలి.

రెడ్ లైట్ దగ్గర గేరు పడదు, క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోతుంది

హాలండ్ టన్నెల్ ముందు క్యూలో నిలబడ్డప్పుడే ఇది మొదలవుతుంది. క్లచ్ ప్లేట్లు పోయాయని గేర్‌బాక్స్ దింపించుకున్నవాళ్లను చూశాను. ముందు క్లచ్ ఫ్లూయిడ్ డబ్బా చూడండి. లెవెల్ తగ్గి, లోపల ద్రవం నల్లగా ఉంటే, తొంభై శాతం స్లేవ్ సిలిండరే. గేర్‌బాక్స్ పక్కన ఉండే ఆ చిన్న సిలిండర్ రబ్బరు తొడుగు పక్కకు లాగితే లోపల తడి కనిపిస్తుంది. మార్చేటప్పుడు పైనున్న మాస్టర్ సిలిండర్ కూడా కలిపి మార్చేయండి. స్లేవ్ ఒక్కటే మారిస్తే పాత మాస్టర్ కూడా కొన్నాళ్లకే లీకవ్వొచ్చు, మళ్లీ అదే పని.

ట్రాఫిక్‌లో మాత్రమే టెంపరేచర్ పెరుగుతుంది

హైవే మీద బాగుండి, ఆగినప్పుడే ముల్లు పైకి పోతుంటే ఫ్యాన్. చల్లారాక కూలెంట్ లెవెల్ చూసి, ఎన్ఏ అయితే కీ ఆన్‌లో పెట్టి, బానెట్ కింద డయాగ్నసిస్ బాక్సులో టీఎఫ్ఏ (TFA), జీఎన్‌డీ (GND) అనే రెండు పిన్నుల్ని చిన్న వైరుతో కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటారు మంచిదే, సెన్సర్ వైపు వెతకాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు. ఆ పక్కనే రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్ కూడా చూడండి. నల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టు. పగిలేదాకా ఆగొద్దు.

సీటు వెనక తడి, ముక్కిన వాసన, అద్దాలకు లోపల ఆవిరి

సిటీలో మియాటాల్ని నిజంగా చంపేది ఇదే. ఇంజన్ కాదు, గేర్‌బాక్స్ కాదు.

ఎవరికైనా కార్పెట్ తడిస్తే మొదట వచ్చే మాట "టాప్ లీకవుతోంది". వెంటనే కొత్త సాఫ్ట్ టాప్‌కి కొటేషన్లు అడుగుతారు. ఒక తమ్ముడు ఇలాగే ఫోన్ చేశాడు.

"అన్నా, కొత్త టాప్ వేయించి నెల కాలేదు, మొన్న వానకి మళ్లీ సీటు వెనకంతా తడి."

"టాప్ సంగతి తర్వాత చూద్దాం. డ్రెయిన్‌లో నీళ్లు పోసి చూశావా?"

"డ్రెయినా? అదెక్కడుంటుంది?"

టాప్ వేసిన షాపు వాళ్లు కూడా అతనికి ఆ మాట చెప్పలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

సంగతి ఏమిటంటే, ఈ టాప్ మీద పడ్డ వాన మొత్తం బయటికి జారిపోదు. టాప్ వెనక అంచు కింద రెయిన్ రెయిల్ అనే ప్లాస్టిక్ కాలువ ఉంటుంది. నీళ్లు అందులోకి దిగి, రెండు పక్కలకు పారి, సీట్‌బెల్ట్ స్తంభాల వెనక ఉన్న రెండు రంధ్రాల్లో పడి, అక్కడి నుంచి గొట్టాల్లో దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు కారు కింద బయటపడాలి. కారును తయారు చేసిందే అలా. ఆ రంధ్రం పూడుకుపోతే నీళ్లు నిండి, పొంగి, లోపలికే వస్తాయి. పైన ఎంత ఖరీదైన కొత్త టాప్ వేసినా నీళ్ల దారి మారదు.

సిటీలో ఇది ఎందుకు ఎక్కువంటే, మనం పార్క్ చేసేది చెట్ల కింద. న్యూయార్క్ వీధుల్లో హనీ లోకస్ట్ చెట్లు బోలెడు. వాటి ఆకు చింతాకంతే ఉంటుంది. పెద్ద ఆకైతే టాప్ మీదే ఆగిపోతుంది, మీరు చూసి తీసేస్తారు. ఇది మాత్రం మడతల్లోంచి కాలువలోకి జారిపోతుంది. వసంతంలో పుప్పొడి, ఏడాది పొడుగునా వీధి దుమ్ము దానికి తోడై బురదలా గట్టిపడుతుంది. పైకి ఏమీ కనిపించదు.

పరీక్ష ఇలా చేయండి. టాప్ సగం దించి, సీటు వెనక మూలలో కార్పెట్ పక్కకు లాగి, టార్చి వేసి రంధ్రం వెతకండి. అర లీటరు నీళ్ల బాటిల్ తీసుకుని సన్నగా పోస్తూ, ఇంకొకరిని వెనక చక్రం ముందు నేల చూడమనండి. పోసిన కొద్ది సెకన్లలో కింద ధార పడాలి. చుక్కలు చుక్కలుగా వస్తే సగం పూడింది. అసలు రాకపోతే పూర్తిగా పూడింది, లేదా లోపల గొట్టం ఊడింది. రెండు వైపులా చూడండి. ఒక వైపు బాగుంటే రెండోదీ బాగున్నట్టు కాదు.

ఆ తమ్ముడి కారులో డ్రైవర్ వైపు పోసిన నీళ్లు అంచుదాకా వచ్చి అలాగే నిలిచిపోయాయి, పైన ఒక చిన్న ఆకు తేలుతూ తిరుగుతోంది. గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ దారం లోపలికి పెట్టి తిప్పి లాగితే చివర నల్లటి ముద్ద వచ్చింది. మళ్లీ పెట్టి, మళ్లీ లాగి, అలా చేస్తుండగా ఒక్కసారి గుటక వేసిన చప్పుడైంది. పైన నీళ్లు జారిపోయాయి, చక్రం ముందు నల్లటి ధార పడింది. కొత్త టాప్ డబ్బులు అప్పటికే పోయాయి.

శుభ్రం చేయడానికి ఆ నైలాన్ దారమే మంచిది. రెండు మిల్లీమీటర్ల మందం చాలు. చివర లైటర్‌తో కరిగించి గుండ్రంగా చేయండి, లేకపోతే గొట్టాన్ని గీరుతుంది. ముద్దని లోపలికి నెట్టేయకుండా తిప్పుతూ బయటికి లాగాలి. కింద బయటపడే చోట పాత టూత్ బ్రష్‌తో గీకండి. కొన్ని కార్లలో అక్కడ రబ్బరు మూతి ఉంటుంది, అది అతుక్కుపోయి ఉంటే వేళ్లతో విడదీయండి. ఇనుప తీగ వద్దు, ఎయిర్ కంప్రెసర్ అసలే వద్దు. గాలి దెబ్బకి లోపల గొట్టం ఊడితే, నీళ్లన్నీ సిల్ లోపలికి పోతాయి. సిల్ అంటే తలుపు కింద పొడుగ్గా ఉండే డబ్బా భాగం. కారు బలమంతా అక్కడే.

బ్రేక్ వేసినప్పుడు తలుపు కింద నీళ్లు అటూ ఇటూ కదిలిన చప్పుడు వినిపిస్తే, ఆ డబ్బాలో నీళ్లు నిలిచాయని అర్థం. అలాంటప్పుడు రేపు చూద్దాం అనుకోకండి. చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు బయటి నుంచి, ఈ నీళ్లు లోపలి నుంచి తినేస్తాయి.

డ్రెయిన్ తెరిచాక పని సగమే అయినట్టు. కార్పెట్ కింద స్పాంజి ఉంటుంది, పైన ఆరినట్టు ఉన్నా అది వారాల తరబడి తడి పట్టుకుంటుంది. వాసన అక్కడి నుంచే. సీటుకు నాలుగు 14 ఎంఎం బోల్టులు, విప్పేసి, కార్పెట్ ఎత్తి, నీళ్లు పీల్చే వ్యాక్యూమ్ పెట్టి, ఎండలో వదిలేయండి. అపార్ట్‌మెంట్‌లో కుదరకపోతే ఎడిసన్ వైపు సొంతిల్లున్న ఫ్రెండ్ డ్రైవ్‌వే ఒక వీకెండ్ అడగండి. 1990 నుంచి 1993 వరకు వచ్చిన 1.6 లీటర్ కార్లున్నవాళ్లు ఇంకా జాగ్రత్త. అమెరికా కార్లలో ఇంజన్ కంప్యూటర్ ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ కిందే ఉంటుంది. వాన పడిన మర్నాడు ఇంజన్ కొట్టుకుంటుంటే స్పార్క్ ప్లగ్గులు మార్చే ముందు అక్కడ చెయ్యి పెట్టి చూడండి.

ఆకులు రాలడం అయిపోయాక ఒకసారి, మంచు పడకముందు ఇంకోసారి నీళ్లు పోసి చూసుకుంటే చాలు. కొత్త తరం ఎన్‌డీలో డ్రెయిన్ ఫిల్టర్ ఉంటుంది, శుభ్రం చేయమని మాన్యువల్‌లోనే రాసి ఉంది.

డ్రెయిన్లు బాగుండీ తడి వస్తుంటే, అప్పుడు తడి ఎక్కడుందో చూడండి. ముందు కాళ్ల దగ్గర, అదీ ఏసీ వేసినప్పుడే అయితే ఏసీ నీళ్ల గొట్టం పూడింది. జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ లీకు, అది కూలెంట్. డిక్కీలో తడి అయితే టెయిల్ లైట్ల రబ్బర్లు. తలుపు అద్దం పైమూలలో చుక్కలైతే తలుపు రబ్బరు. నిజంగానే టాప్ చిరిగితే మార్చాల్సిందే. సిటీలో దొంగలు బ్లేడుతో కోస్తారు కాబట్టి లోపల బ్యాగు, చార్జరు కేబుల్ కూడా వదలొద్దు. కొత్త టాప్ వేయిస్తే రెయిన్ రెయిల్ కూడా కొత్తది వేయమని ముందే చెప్పండి. చిరిగిన పాత రెయిల్ మీద కొత్త టాప్ వేస్తే ఆ డబ్బు దండగ.

మిగతావి

పొద్దున్నే బ్రేకులు గరగరమంటే డిస్కు మీద పైపై తుప్పు, నాలుగు సార్లు నొక్కితే పోతుంది. కారు ఎక్కువ రోజులు ఆపితే హ్యాండ్ బ్రేక్ వదిలి గేరులో పెట్టండి, లేకపోతే వెనక బ్రేకులు పట్టేస్తాయి. ఎన్ఏ ఇంజన్ స్టార్ట్ చేయగానే టకటకమంటే ఆయిల్ మార్చండి, చాలాసార్లు దానితోనే తగ్గుతుంది. 1990, 1991 కార్లలో క్రాంక్ ముక్కు సమస్య (ఇంజన్ క్రాంక్ షాఫ్టు ముందు చివర, పుల్లీ బిగించే చోట, అరిగి వదులు కావడం) గురించి చదివి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. పుల్లీ ఊగకుండా తిరుగుతుంటే ఆ సంగతి మర్చిపోండి.

కొనడానికి వెళ్లినప్పుడు

నీళ్ల బాటిల్, టార్చి, ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్ జేబులో పెట్టుకెళ్లండి. మాగ్నెట్‌కి గుడ్డ చుట్టి, వెనక చక్రం ముందు సిల్ పొడవునా జరపండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. పెయింటు బుడగలు లేచినా, బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగినా, తుప్పు లోపలి నుంచి వచ్చినట్టే. ఆ చోటు కోసి వెల్డింగ్ చేయించడానికి చాలా ఖర్చవుతుంది. ఎన్‌బీ అయితే ముందువైపు చాసిస్ రెయిల్స్ కూడా కింద నుంచి చూడాలి, ఉప్పు రోడ్ల మీద తిరిగినవి అక్కడ పోతాయి.

తర్వాత ఓనర్ని అడిగి రెండు డ్రెయిన్లలో నీళ్లు పోయండి. వద్దంటే ఆ కారు వదిలేయండి. డ్రెయిన్ పూడినా సిల్ గట్టిగా ఉంటే, తడి కార్పెట్ చూపించి ధర తగ్గించమని అడగండి, నిశ్చింతగా కొనుక్కోండి. సిల్ మెత్తబడితే ఇంజన్ ఎంత తియ్యగా నడిచినా కొనొద్దు.