పంటచేను నుంచి ప్రపంచానికి – పాఠం 3: శెనక్కాయతో సెనెగల్‌కు

గత పాఠంలో భూగోళాన్ని పిల్లల చేతికిచ్చి మన జిల్లా ఎక్కడుందో వెదికించాం. ఈసారి అనంతపురం పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి పరిచయమున్న శెనక్కాయను, అంటే పుస్తకాల్లోని వేరుశెనగను పట్టుకొని, ఆఫ్రికా పడమటి తీరంలోని సెనెగల్ దాకా వెళదాం. ఆరేడేళ్ల పిల్లలకు దేశం పేరూ రాజధాని పేరూ ముందే చెబితే అవి వల్లె వేసే మాటలుగానే మిగులుతాయి; చేతిలో ఉన్న దాన్ని గురించి తమకు తెలిసినదంతా చెప్పనివ్వడంతో పాఠం మొదలు కావాలి.

వేళ్లతో సహా పెరికిన పచ్చి చెట్టునొకదాన్ని తెప్పించి, కాయ వేరుకు కాసిందా, కొమ్మకు కాసిందా అని అడగండి. చాలామంది వేరుకనే అంటారు. వెంటనే సరిదిద్దకండి. నేలపైన పూసిన పసుపుపచ్చని పువ్వు వాడిన తర్వాత దాని మొదలు నుంచి ఊడ దిగి, మట్టిలోకి చొచ్చుకుపోయి, అక్కడ కొన లావై కాయగా మారుతుందన్న సంగతిని, ఆ ఊడను వాళ్ల వేలితో తాకించి, వాళ్ల చేతనే చెప్పించండి. తరగతిలో రైతుబిడ్డ ఉంటే మీకన్నా బాగా చెబుతాడు. ఇక్కడ అరగంట పట్టినా నష్టం లేదు.

ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా అనీ, పోర్చుగీసు వర్తకుల ఓడల్లో ఆఫ్రికాకు చేరిందనీ చెప్పి భూగోళం మీద ఆ దారిని వేలితో గీయించండి. సెనెగల్‌లోనూ జూన్, జూలైలలో వాన పడగానే విత్తుతారు, అక్టోబరులో వానలు వెనుదిరిగాక చెట్లు పెరుకుతారు. మన రైతులాగే అక్కడి రైతూ మబ్బు వైపు చూస్తాడనేది పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. మనకు బడిగంట ఉదయం 10కి మోగితే రాజధాని డాకర్‌లో అప్పటికి తెల్లవారుజాము 4:30. ఈ మాట చెప్పి చూడండి, తరగతి గొల్లుమంటుంది.

తిండి దగ్గర నిదానించండి. వేయించిన గింజలను మెత్తగా నూరి, టమోటా, మాంసంతో కలిపి ఉడికించే మాఫే అనే పులుసును అక్కడ అన్నంలోకి వడ్డిస్తారు. సంగటిలోకి మనం నూరుకునే ఊరిబిండికి అది దూరపు చుట్టమని చెప్పవచ్చు. ఇంటిల్లిపాదీ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చొని, ఎవరి వైపు నుంచి వాళ్లు తినడం అక్కడి మర్యాద.

ఈ పాఠంలో తరచుగా జరిగే పొరపాటొకటుంది. ఆఫ్రికా అనగానే బక్కచిక్కిన పిల్లల బొమ్మలు చూపి ‘పాపం’ అనిపించడం. ఆ బొమ్మలను పక్కన పెట్టండి. ‘వాళ్లు మన ఊరికి వస్తే మన వంటలో దేన్ని గుర్తుపడతారు?’ అని అడిగి, వచ్చిన జవాబులన్నీ పలక మీద రాయండి.

రుచి చూపించే ముందు శెనక్కాయ పడనివారెవరైనా ఉన్నారేమో తల్లిదండ్రులను తప్పక అడగండి. ఐదేళ్లలోపు వారికి గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది కనుక, పడేవారికైనా మెత్తగా నూరిన ముద్దను పలుచగా చేసి మాత్రమే పెట్టండి.

వచ్చే పాఠానికి గుప్పెడు రాగులు సిద్ధం చేసుకోండి. తూర్పు ఆఫ్రికాకు వెళ్లాలి.