వైజాగ్‌లో రెండు వేల ఏళ్ళ నాటి సముద్ర వ్యాపారం ఆనవాళ్ళు చూడాలంటే

వైజాగ్ పాత చరిత్ర చూడాలి అనగానే చాలామంది హార్బర్ వైపు చూపిస్తారు, కానీ ఆ హార్బర్ తెరిచింది 1933లోనండి, ఓడల మీద రోమన్ సరుకు తిరిగిన కాలం కావాలంటే పాత బౌద్ధారామాలున్న కొండలెక్కాల్సిందే.

తొట్లకొండతో మొదలుపెట్టండి. బీచ్ రోడ్డులో రుషికొండ దాటాక ఎడమచేతి వైపు వస్తుంది. భీమిలి బస్సుల్లో కొన్ని హైవే మీదుగా పోతాయి, బీచ్ రోడ్డుదేనా అని కండక్టర్ని అడిగి మరీ ఎక్కండి. దిగాక పైకి ఘాట్ రోడ్డు నడవాలి కాబట్టి సొంత బండి ఉంటే హాయి, లేదంటే పొద్దున్నే వెళ్ళిపోండి, ఎండెక్కాక ఆ బండల మీద కాలు పెట్టలేరు.

పైకెళ్ళగానే అందరూ స్తూపం దగ్గర సెల్ఫీలకి పరిగెడతారు. మీరు మాత్రం ముందు రాతి తొట్లు చూడండి, బండని తొలిచి వాననీళ్ళు పట్టుకోడానికి చేసుకున్నవి, కొండ మీద అంతమంది భిక్షువులు ఎలా బతికారో అక్కడే అర్థమైపోతుంది. తర్వాత వరసగా ఉండే చిన్న చిన్న గదులు, స్తంభాల మొదళ్ళు మిగిలిన హాలు, వంటశాల, ఆఖర్న స్తూపం. ఈ లోపు ఒకటి ఆలోచించండి, భిక్షువులు సంపాదించరు కదా, మరి ఇదంతా ఎవరి డబ్బుతో కట్టారు? స్తూపం దగ్గర నిలబడి కిందున్న సముద్రం వైపు చూస్తే జవాబు సగం దొరుకుతుంది, ఇలాంటి చోట్లకి వ్యాపారుల దానాలే పెద్ద అండ.

1976లో నేవీ వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. శాతవాహనుల సీసం నాణేలూ, రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఇది విని ఎవరైనా రోమన్ ఓడలు సరిగ్గా ఈ కింద ఆగేవి అని చెప్తే వెంటనే నమ్మేయకండి, నాణెం వచ్చిందంటే ఓడ వచ్చినట్టు కాదు, పడమటి తీరంలో దిగిన డబ్బు చేతులు మారుతూ మారుతూ ఇక్కడిదాకా రావచ్చు.

బావికొండ దగ్గర్లోనే, అదే పూట కొట్టేయొచ్చు. ఇక్కడా రోమన్ నాణేలు దొరికాయి, ధాతువు, అంటే బుద్ధుడిదని నమ్మే ఎముక ముక్క, ఉన్న మట్టి కుండ కూడా దొరికింది. కాళ్ళలో ఓపిక మిగిలితే భీమిలిలో పావురాళ్ళకొండ ఎక్కండి, లేకపోతే మానేయండి, ఏం పర్లేదు.

బొజ్జన్నకొండని మాత్రం ఇదే రోజులో ఇరికించొద్దు, అది అనకాపల్లి పక్కన శంకరంలో, పూర్తిగా అవతలి వైపు. అది కొంచెం తర్వాతి కాలానిది, అక్కడ గుప్త రాజు సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. రాతిలోనే చెక్కిన స్తూపాలు వరసలుగా ఉంటాయి, పక్కనున్న లింగాలకొండ కూడా వదలకండి. కనుమ రోజు ఇక్కడున్న ఒక ఆకారాన్ని రాక్షసుడని చెప్పి దాని మీద రాళ్ళు విసిరే ఆచారం ఒకటి ఉండేది, దాన్ని ఆపడానికి చాలా తంటాలు పడ్డారు. అనకాపల్లిలో దిగితే అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు, తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడేసుకోండి.