బారసాల ఫోటోకి చీర తీసే ముందు గోడ చూడండి

మా బరంపురంలో బారసాల అనగానే బీరువాలోంచి పట్టుచీర బయటికొస్తుంది. ఆగండి. ఫోటో ఏ గోడకి తగిలిస్తారో ముందు అక్కడ నిలబడి చూడండి. మా హాల్లో గోడలు లేత పసుపు, దివాన్ మీద ఇటుకరంగు సంబల్‌పురి దుప్పటి. అందుకే నేను మీగడరంగు నూలుచీర, ఆయన లేత గోధుమరంగు కుర్తా, పెద్దదానికి మాత్రం దుప్పటి రంగు గౌను. అందరికీ ఒకే రంగు వద్దు, బ్యాండు మేళంలా ఉంటుంది.

ఇంకో సంగతి. కొట్టొచ్చినట్టుండే రంగు బట్టలు దగ్గరగా ఉంటే ఆ ఛాయ చంటిబిడ్డ ముఖం మీద పడుతుంది. మొదటిసారి తీసిన ఫోటోల్లో నా చిలకపచ్చ జాకెట్టు వల్ల బాబు బుగ్గలు పచ్చగా వచ్చాయి. పచ్చకామెర్లేమోనని అత్తయ్య ఒకటే కంగారు!

పట్టుచీరే కట్టాలనుంటే జరీ అంచు బిడ్డ చెంపకి గీరుకోకుండా మెత్తటి గుడ్డ అడ్డం పెట్టండి. ఎత్తుకునే చేతికి గాజులు తీసేయండి.

ముందురోజే అందరి బట్టలూ దివాన్ మీద పరిచి ఫోన్‌లో ఒక ఫోటో తీయండి. ఏది కళ్లకి కొట్టొచ్చినట్టుంటే దాన్ని మార్చేయండి.