కంపోస్టబుల్ సంచి నిజంగా మట్టిలో కలుస్తుందా? ఇంట్లోనే పరీక్షించడం ఎలా

టమాటా నారు కోసం మేడ మీది కుండీలో కంపోస్టును జల్లెడ పడుతుంటే ఆకుపచ్చ పీలికలు చేతికి తగిలాయి. చూస్తే ఆరు నెలల క్రితం నేనే వేసిన కూరగాయల సంచి. మట్టిలో కలిసిపోతుందని దాని మీదే రాసి ఉంది, ఆ అక్షరాలు కూడా చెక్కు చెదరలేదు. ముందు సంచి ఇచ్చిన దుకాణం మీద కోపం వచ్చింది. కాసేపటికి, తప్పు సంచిదో నా కుండీదో నాకే తెలియదు కదా అనిపించింది. ఆ సంగతి తేల్చుకోవడానికి నేను పాటించిన పద్ధతి ఇది. పెద్ద ఖర్చేమీ ఉండదు గానీ మూడు నెలల ఓపిక కావాలి.

ముందు లోపల జరిగేది తెలుసుకోండి

సూక్ష్మజీవికి నోరు లేదు, నమిలి మింగడం దాని వల్ల కాదు. అది ఎంజైమ్‌లను బయటికి వదులుతుంది. అవి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసును చిన్న ముక్కలు చేస్తే, ఆ ముక్కలను లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి గొలుసులో తెంపడానికి వీలైన ముడులు ఉన్నాయా లేవా అన్నదే అసలు విషయం. కంపోస్టబుల్ సంచుల్లో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ, పీబీఏటీ అనే ప్లాస్టిక్ రకాలు రెండింటిలోనూ అలాంటి ముడులు ఉంటాయి. మామూలు పాలిథిన్‌లో ఉండవు. అందుకే అది ఏళ్లు గడిచినా అలాగే పడి ఉంటుంది.

ప్లాస్టిక్ నిన్నమొన్న వచ్చింది, మరి ఈ ఎంజైమ్‌లు సూక్ష్మజీవులకు ఎక్కడివి? ఆకుల నుంచి వచ్చాయి. ఆకు పైపొరలో క్యూటిన్ అనే పదార్థం ఉంటుంది. అది ప్రకృతి చేసిన పాలిస్టర్, దాని గొలుసులోనూ అలాంటి ముడులే ఉంటాయి. కోట్ల ఏళ్లుగా రాలిన ఆకులను తింటున్న బూజులు, బాక్టీరియాలు దాన్ని కోయడానికి క్యూటినేజ్ అనే ఎంజైమ్‌ను తయారు చేసుకున్నాయి. ఆ కత్తే సంచి మీదా పనిచేస్తోంది. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు ఆకులు, కొమ్మలు కుళ్లిన ఎరువులో ఇలాంటి ఎంజైమ్ ఒకదాన్ని కనుగొన్నారు. ఫ్రాన్స్‌లో దానికే మార్పులు చేసి, వాటర్ బాటిళ్లు తయారుచేసే పెట్ ప్లాస్టిక్‌లో 90 శాతాన్ని 10 గంటల్లో విడగొట్టినట్టు 2020లో ప్రకటించారు. అయితే అది 72 డిగ్రీల వేడిలో, ప్రయోగశాల తొట్టిలో జరిగింది. పెరట్లో అలాంటివి ఆశించకండి.

పీఎల్‌ఏ సంగతి కొంచెం వేరు. దాన్ని లాక్టిక్ ఆమ్లంతో చేస్తారు, పెరుగుకు పులుపునిచ్చేది అదే. దాని గొలుసును ముందుగా నీరు తెంపాలి, సూక్ష్మజీవుల వంతు ఆ తర్వాతే. 55, 60 డిగ్రీల దగ్గర పీఎల్‌ఏ మెత్తబడితే గానీ నీరు ఆ పని చురుగ్గా చేయలేదు. అమైకొలటాప్సిస్ లాంటి బాక్టీరియాలు తినడానికి సిద్ధంగా ఉన్నా వేడి లేకపోతే ముద్ద నోటికి అందదు. నా కుండీ ఏ రోజూ అంత వేడెక్కలేదు.

1. సంచి మీద రాసింది చదవండి

మన దేశంలో కంపోస్టబుల్ క్యారీబ్యాగ్ మీద ఆ మాట, తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ప్రమాణం ఐఎస్/ఐఎస్‌ఓ 17088. ఆకు బొమ్మ, పచ్చ రంగు, ‘ఎకో’ అన్న మాట చూసి నమ్మకండి.

ఆ ప్రమాణం ఏం చెబుతోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. దాదాపు 58 డిగ్రీల వేడి ఉన్న కంపోస్టులో 180 రోజుల్లోగా సంచిలోని కార్బన్ 90 శాతం బొగ్గుపులుసు వాయువుగా మారాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద 10 శాతానికి మించి ముక్కలు మిగలకూడదు. అంటే అది పెద్ద కంపోస్టు యార్డు కోసం రాసిన పరీక్ష. మీ బాల్కనీ డబ్బాకు అది వర్తించదు.

2. నీళ్లలో వేయండి

సంచి నుంచి గోరంత ముక్క కత్తిరించి, గిన్నెడు నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి అందులో వేయండి. సబ్బు కలపకపోతే గాలి బుడగలు పట్టుకుని ఏదైనా తేలుతుంది. ముక్కను వేలితో అడుగుకు నొక్కి వదిలేయండి. పాలిథిన్ నీటి కంటే తేలిక, పైకి వస్తుంది. పీఎల్‌ఏ, పీబీఏటీ నీటి కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. పైకి తేలితే ఆ సంచిని కంపోస్టులో వేయకండి, పరీక్ష అక్కడితో సరి. మునిగినంత మాత్రాన మంచిదని చెప్పలేం. సుద్దపొడి ఎక్కువగా కలిపిన పాలిథిన్ కూడా మునుగుతుంది.

3. ఒక చుక్క అయోడిన్

గాయాలకు రాసే అయోడిన్ మందులో పది పాళ్లు నీళ్లు కలిపి సంచి మీద ఒక చుక్క వేయండి. నల్లగానో ముదురు నీలంగానో మారితే అందులో పిండి పదార్థం ఉన్నట్టు. పక్కనే ఒక అన్నం మెతుకు మీద కూడా వేస్తే పోల్చుకోవడం తేలిక. ఇది సరదా పరీక్ష, పిల్లలతో చేయించండి. దీని తీర్పు ఒక్కటే మాత్రం చాలదు. పాలిథిన్‌లో కాస్త పిండి కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు, పిండి లేని అసలు కంపోస్టబుల్ సంచీ ఉంటుంది.

4. మూటలు కట్టండి

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. సంచి ముక్కను ఒక్కదాన్నే పాతిపెడితే ఏమీ తేలదు. దానికి ఇద్దరు సాక్షులు కావాలి.

దోమతెర ముక్కలతో చిన్న జాలీ మూటలు చేయండి. ఒక్కో మూటలో మూడు ముక్కలు, అన్నీ అగ్గిపెట్టె అంత: మీ సంచిది ఒకటి, పాత నూలు పంచెది ఒకటి, మామూలు పాలిథిన్‌ది ఒకటి. నూలు కచ్చితంగా కుళ్లాలి. కుళ్లకపోతే మీ కంపోస్టులో ప్రాణం లేదు, సంచిని తిట్టి లాభం లేదు. పాలిథిన్ కచ్చితంగా మిగలాలి. అది కూడా కనబడకపోతే కుళ్లిపోయిందని అనుకోకండి, జాలీ చిరిగి ముక్కలు జారిపోయాయి.

ఇలాంటి మూటలు ఆరు చేయండి, మూడు పెరట్లో వేసే కంపోస్టు కుప్పకు (దాని సంగతి కింద చెబుతాను), మూడు కుండీకి. నైలాన్ దారంతోనే కట్టండి. మొదటిసారి నేను జనపనార పురికొసతో కట్టాను. నెల తిరిగేసరికి పురికొస కుళ్లి మూటలన్నీ విప్పారాయి, కుప్పంతా గాలించినా రెండే దొరికాయి.

5. వేడెక్కే కుప్ప వేయండి

కుప్ప మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. కుండీ కంపోస్టు చల్లగా ఉండటానికి కారణం ఇదే, అందులో సూక్ష్మజీవులు లేక కాదు.

రెండు మూడు గంపల ఎండుటాకులకు ఒక గంప చొప్పున పచ్చి చెత్త వేయండి: కూరగాయల తొక్కలు, కోసిన గడ్డి, పూజ పూలు. పొరల మధ్య పచ్చి పేడను నీళ్లలో కలిపి చల్లండి. పాత ఎరువు రెండు దోసిళ్లు వేస్తే ఇంకా మంచిది. బజారులో అమ్మే కల్చర్ పొడులు కొనాలా అని చాలామంది అడుగుతారు. నా మటుకు అనవసరం. పేడలో, పాత ఎరువులో కావలసినన్ని రకాలున్నాయి. వాటికి లేనిది వేడి, తడి, గాలి, ఆ మూడూ ప్యాకెట్లో దొరకవు.

తడి చూడటానికి పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. కారితే ఎండుటాకులు కలపండి, అసలు రాకపోతే నీళ్లు చల్లండి. మూడు మూటలను కుప్ప నడిమధ్యలో పెట్టి, నైలాన్ దారం కొస బయటికి వదిలి, దానికి ఒక పుల్ల కట్టండి.

రెండు మూడు రోజుల్లో కుప్ప వేడెక్కుతుంది. జ్వరం చూసే థర్మామీటర్ పెట్టకండి, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వంటకు వాడే ప్రోబ్ థర్మామీటర్ ఉంటే సరే. లేకపోతే ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పట్టుకోలేనంతగా చుర్రుమంటే 55 దాటినట్టే అనుకోవచ్చు. వేడి తగ్గాక కుప్పను తిరగెయ్యండి, వారానికోసారి చాలు. లోపలికి గాలి ఆడితే మళ్లీ వేడెక్కుతుంది. ప్రతిసారీ మూటలను మళ్లీ మధ్యకు చేర్చండి. తిరగేసేటప్పుడు చేతులు పెట్టకండి, పార వాడండి. ఆ వెచ్చదనానికి తేళ్లూ జెర్రులూ చేరతాయి.

ఊళ్లో పెంటకుప్ప ఉంటే అందులో పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టొచ్చు గానీ, తిరగెయ్యని కుప్పలో మధ్యభాగానికి గాలి అందదు, వేడి నిలవదు. నూలు సాక్షి ఆ సంగతి చెప్పేస్తుంది.

మిగతా మూడు మూటలను ఎప్పుడూ వేసే కుండీలోనే పెట్టండి. దాని కోసం కొత్తగా ఏమీ చేయొద్దు, మామూలుగా ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి.

6. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు తీయండి

ఒక్కోసారి కుప్ప నుంచి ఒక మూట, కుండీ నుంచి ఒక మూట. నెమ్మదిగా కడిగి తెల్ల కాగితం మీద పరచి ఫోటో తీయండి.

నాకు నాలుగో వారంలో కుప్పలోని నూలు ముక్క వేలు తగలగానే చిరిగింది. సంచి ముక్క అప్పడంలా పెళుసెక్కి, అంచులు కొరికినట్టు అయ్యాయి. పన్నెండో వారానికి జాలీలో పాలిథిన్ ముక్క, నల్లటి మన్ను తప్ప ఏమీ కనబడలేదు. కుండీ మూటలో నూలు సగం పోయింది. సంచి ముక్క కాస్త మెత్తబడి, రంగు తగ్గి, అక్షరాలతో సహా ఉంది. అంటే దుకాణం మీద నా కోపం ఉత్తదే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. బ్రిటన్‌లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు మామూలు జనం చేత ఇళ్లలోనే ఇలాంటి పరీక్ష చేయించారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇంటి కంపోస్టుకు పనికొస్తాయని సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్‌లలో కూడా 60 శాతం పూర్తిగా కరగలేదు. అంతకుముందు 2019లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో, మట్టిలో పాతిన కంపోస్టబుల్ సంచి 27 నెలల తర్వాత కూడా కనిపించింది, కానీ సామాను వేస్తే చిరిగిపోయింది. ఉత్త మట్టి కంపోస్టు కన్నా చల్లన, అక్కడ తినేవాళ్లూ తక్కువ.

7. కనబడకపోతే అయిపోయినట్టేనా?

కాదు. కంటికి ఆనని ముక్కలు ఉండొచ్చు. వాటిని ఇంట్లో లెక్కపెట్టడం కుదరదు గానీ, మొక్కకు హాని ఉందో లేదో చూడొచ్చు. మూటలు పెట్టిన చోటు నుంచి ఎరువు తీసి, సమానంగా మట్టి కలిపి, ఒక కప్పులో 20 పెసలు చల్లండి. సంచి ముక్కలు వేయని ఎరువుతో మరో కప్పు. వారం తర్వాత మొలకలను లెక్కపెట్టి, వేర్లు పొడవుగా ఉన్నాయా, కురచగా గోధుమ రంగులో ఉన్నాయా చూడండి. పెద్ద ప్రమాణాల్లోనూ మొలకల పరీక్ష తప్పనిసరి. ఎరువు ఇంకా పచ్చిగా, వెచ్చగా ఉంటే రెండు కప్పుల్లోనూ మొలకలు దెబ్బతింటాయి. అప్పుడు నెల ఆగి మళ్లీ చేయండి.

నా కప్పుల్లో ఒకదానిలో 18, ఇంకోదానిలో 17 మొలిచాయి. ఇప్పుడు మా ఇంటికి వచ్చే కంపోస్టబుల్ సంచులను కత్తెరతో పీలికలు చేసి పెరటి కుప్పలోనే వేస్తున్నాను, కుండీలో వేయడం మానేశాను. ఎండాకాలం చివర జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలిన ముక్కలు కొత్త కుప్ప నడిమధ్యకు వెళ్తున్నాయి.