ఆకాశ పరిశీలన, 6వ పాఠం: త్రిభుజ నక్షత్రమండలంలోని సర్పిల గెలాక్సీ ఎం33

పోయిన పాఠంలో ఆండ్రోమెడా గెలాక్సీని, అంటే ఎం31ని, బైనాక్యులర్లతో చూశాం. ఈసారి దాని పొరుగునే ఉన్న ఎం33 వంతు. అంకెలు చూస్తే ఇది సులువనిపిస్తుంది. ప్రకాశ పరిమాణం 5.7 (ఈ అంకె ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ), దూరం సుమారు 27 లక్షల కాంతి సంవత్సరాలు. ఆండ్రోమెడా, పాలపుంతల తర్వాత మన స్థానిక గుంపులో, అంటే మన చుట్టుపక్కలి గెలాక్సీల గుంపులో, మూడో పెద్ద గెలాక్సీ ఇదే. అయినా కొత్తవాళ్ళు టెలిస్కోపును సరిగ్గా దాని మీదికే తిప్పి, ఏమీ లేదనుకుని పక్కకు వెళ్ళిపోతుంటారు.

కారణం ఇదీ. 5.7 అన్నది గెలాక్సీ వెలుగంతా ఒకే చుక్కలో పోగేస్తే వచ్చే లెక్క. ఆకాశంలో ఎం33 పొడవు ఒక డిగ్రీకి పైనే, అంటే రెండు నిండు చందమామలను పక్కపక్కన పెట్టినంత. చిటికెడు గంధాన్ని బొట్టుగా పెడితే దూరం నుంచే కనిపిస్తుంది, ఒళ్ళంతా పూస్తే కనిపించదు. ఇక్కడ జరిగేదీ అదే. పైగా ఎం31కి ఉన్నట్టు మెరిసే నడిబొడ్డు దీనికి లేదు. అందుకే ఎం33కి కావలసింది పెద్ద టెలిస్కోపు కాదు, చీకటి. ఊరి దీపాల మధ్య పది అంగుళాల టెలిస్కోపు చూపించలేనిదాన్ని, నల్లమల అంచున ఏ పల్లె పొలంలోనో మామూలు బైనాక్యులర్లు చూపిస్తాయి.

ఎప్పుడు చూడాలి? దీపావళి అమావాస్యే అయినా బాణసంచా పొగ వల్ల ఆ రాత్రి పనికిరాదు. ఆ తర్వాతి కార్తీక అమావాస్య అన్నివిధాలా బాగుంటుంది. నవంబరు మధ్యలో ఎం33 రాత్రి పది దాటాక నడినెత్తికి కాస్త ఉత్తరంగా వస్తుంది, డిసెంబరు మధ్యకల్లా ఎనిమిదింటికే. హైదరాబాదు నుంచి చూస్తే అప్పుడు దాని ఎత్తు 77 డిగ్రీల దాకా ఉంటుంది. లండన్‌లో సుమారు 69 డిగ్రీలు దాటదు. ఎంత ఎత్తున ఉంటే అంత తక్కువ గాలి పొరలోంచి చూస్తాం కాబట్టి, ఈ విషయంలో మనది మంచి చోటు. అయితే డాబ్సోనియన్ టెలిస్కోపు (నేల మీది పీట మీద చేత్తో పక్కకీ పైకీ తిప్పే రకం) ఉన్నవాళ్ళకు నడినెత్తి దగ్గర తిప్పడం కష్టం. వాళ్ళు రెండు గంటలు ముందే, అది ఈశాన్యంలో 60 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. బైనాక్యులర్లతో అయితే మంచం వేసుకుని పడుకుని చూడండి. మెడ నొప్పి పుడితే కంటికి ఓపిక ఉండదు.

ముందు ఆకాశాన్ని పరీక్షించండి. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు నాలుగూ కలిసి ఒక పెద్ద చతురస్రం. దాని లోపల ఉత్త కంటికి ఒక్క చుక్కా కనిపించకపోతే ఆ రాత్రి ఎం33 జోలికి వెళ్ళకండి. నాలుగైదు కనిపిస్తే ధైర్యంగా మొదలుపెట్టండి.

ఇప్పుడు దారి. ఉత్తరాభాద్రలోని ఉత్తరపు చుక్క నుంచి ఆండ్రోమెడా వరుస బయలుదేరుతుంది. అందులో రెండో చుక్కగా వచ్చే, కాస్త ఎర్రగా ఉండేది మిరాక్. పోయిన పాఠంలో దీని నుంచే ఎం31కి వెళ్ళాం. ఇప్పుడు సరిగ్గా ఎదురు దిక్కుకి, దాదాపు అంతే దూరం, ఏడు డిగ్రీలు వెళ్ళాలి. చెయ్యి చాచి పట్టిన పిడికిలి వెడల్పు పది డిగ్రీలని మొదటి పాఠంలో నేర్చుకున్నాం కదా, అందులో మూడొంతులకు కాస్త తక్కువ. దిక్కు తప్పకుండా ఇంకో గుర్తు: అశ్విని చుక్కల్లో పెద్దదైన హమాల్‌కీ మిరాక్‌కీ మధ్య గీత గీస్తే, సగానికి కొంచెం ముందే, మిరాక్ వైపున ఎం33 ఉంటుంది.

కంటికి కనీసం అరగంట చీకటి అలవాటు చెయ్యండి. ఫోను తెరిస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 7x50 (ఏడు రెట్ల పెంపు, 50 ఎం.ఎం. కటకం) బైనాక్యులర్లలో మిరాక్‌ను ఒక అంచున ఉంచితే ఎం33 దాదాపు రెండో అంచున పడుతుంది. సూటిగా చూడకండి, ఓరచూపు వాడండి. కంటి నడుమ కన్నా చుట్టుపక్కల ఉన్న కణాలకే మసక వెలుగు బాగా తెలుస్తుంది. గట్టి అంచు లేని కోలాకారపు పాలిపోయిన మచ్చ, చుట్టూ ఉన్న ఆకాశం కన్నా ఒక్క పిసరు తెల్లగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే బైనాక్యులర్లను మెల్లగా అటూ ఇటూ కదపండి. కదిలే మసకను కన్ను ఇట్టే పట్టేస్తుంది.

టెలిస్కోపు ఉంటే అన్నిటికన్నా తక్కువ పెంపునిచ్చే ఐపీస్‌తో (కన్ను ఆనించే కటకంతో) మొదలుపెట్టండి, 30 ఎం.ఎం. లాంటిది. గెలాక్సీ చుట్టూ కాస్త ఖాళీ ఆకాశం కూడా కనబడాలి, లేకపోతే దేనితో పోల్చి మచ్చ అనుకుంటాం? మంచి చీకట్లో ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంటే, ఓపిక పట్టేకొద్దీ మచ్చ రెండు వైపులా వంకర తిరిగి రెండు చేతుల్లా విడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇక ఇక్కడ ఉంది. నడిమధ్య నుంచి ఈశాన్యంగా 12 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) దూరంలో, ఒక సన్నని చుక్క పక్కనే చిన్న ముద్దలాంటి వెలుగు కనిపిస్తుంది. అది ఎన్‌జీసీ 604, ఆ గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయు మేఘం. 1784లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ దీన్ని కనుక్కున్నాడు. అడ్డంగా దాదాపు 1,500 కాంతి సంవత్సరాలు. వేరే గెలాక్సీలోని ఒక మేఘాన్ని పెరట్లోంచి విడిగా చూడగలగడం ఎంత అరుదైన అవకాశమో ఆలోచించండి! దీనికి మాత్రం పెంపు పెంచవచ్చు, వంద రెట్లకైనా తట్టుకుంటుంది. ఓ-త్రీ ఫిల్టరు (ఇలాంటి మేఘాల్లోని ఆక్సిజన్ వెలుగును మాత్రమే రానిచ్చేది) ఉంటే పెట్టి చూడండి, గెలాక్సీ వెనక్కి తగ్గి ఈ ముద్ద ముందుకొస్తుంది.

ఈ పాఠానికి అభ్యాసం: తెల్లకాగితం మీద అరచేతి వెడల్పు వృత్తం గీసి, ఎర్ర దీపం వెలుతురులో ముందు చుక్కలను, తర్వాత మచ్చ పొడవు ఎటు వాలి ఉందో పెన్సిల్‌తో వెయ్యండి. ఉందని మీకు అనుమానం ఉన్నది వెయ్యకండి, తేదీ, వేళ, ఆకాశం ఎలా ఉందో మూలన రాయండి. వచ్చే పాఠంలో దక్షిణాన ఉన్న ఎన్‌జీసీ 253 అనే గెలాక్సీని వెతుకుతాం, దానికి ఈ బొమ్మ కావాలి.